పోర్ట్ హార్కోర్ట్ సీఫుడ్ సూప్: పులుపు గిన్నెలో వెతక్కండి, ముద్దలో ఉంటది

మీ ప్రశ్న మొత్తం చదివానండి. వచ్చే నెల నైజీరియాలోని పోర్ట్ హార్కోర్ట్‌లో జాయిన్ అవుతున్నారు, అక్కడి కొలీగ్ ఇప్పట్నుంచే ఫోన్లో "రాగానే మా సీఫుడ్ సూప్ తినిపిస్తా" అంటున్నాడు, యూట్యూబ్‌లో చూస్తే ఎర్రటి నూనెలో నత్తగుల్లలు తేలుతున్నాయి, అది మనకి పడుతుందా, అందులో బీఫ్ ఉంటదా, అన్నంలో కలుపుకోవచ్చా, ఇంట్లో వండుకోవచ్చా, మా ఆవిడకి రొయ్యలు ఎలర్జీ తను ఏం తినాలి, ఇవీ మీ డౌట్లు. నేను కాకినాడ వైపు వాణ్ణి, ఆ ఊరుండే రివర్స్ స్టేట్‌లో చాలా ఏళ్ళు ప్రాజెక్ట్ సైట్ల మీద పనిచేశా, క్యాంప్ మెస్‌లో ఇండియన్ ఫుడ్ పెట్టినా వారానికి ఒక్కసారైనా బయటికెళ్ళి సూప్ తినకపోతే తోచేది కాదు, కాబట్టి కాస్త పక్షపాతంతోనే చెప్తా, మీరు ఆ మేరకు తగ్గించుకుని చదవండి.

పడుతుంది. కోస్తా వాళ్ళకైతే ఇంకా బాగా పడుతుంది. కానీ మనవాళ్ళలో చాలామంది మొదటిసారి తిని "అబ్బే, ఏదో వెలితిగా ఉంది" అని వదిలేస్తారు, దానికి కారణం సూప్ కాదు, దాన్ని అన్నంలో కలుపుకోవడం. మన చేపల పులుసులో ఉప్పూ కారం పులుపూ అన్నీ పులుసులోనే ఉంటాయి, అన్నం చప్పగా ఉండి వాటన్నిటినీ మోస్తది. అక్కడ లెక్క తిరగబడింది. ఆ సూప్‌లో చింతపండు ఉండదు, పెరుగు ఉండదు, రివర్స్ స్టేట్ పద్ధతిలో చేసేవాళ్ళు టమాటా కూడా ఎక్కువగా వాడరు, నిమ్మకాయ చేప కడగడానికి తప్ప గిన్నెలోకి పోదు. పులుపు ఎక్కడుందంటే ఎబాలో ఉంది. ఎబా ముద్ద తుంచి సూప్‌లో ముంచి నోట్లో పెట్టుకుంటే అప్పుడు ఆ రెండూ కలిసి ఒక రుచి అవుద్ది, విడివిడిగా తింటే రెండూ సగం సగమే. ఇది అర్థమైతే మిగతాదంతా సులువు.

ఎబా అంటే గర్రితో చేసే ముద్ద. గర్రి అంటే కర్రపెండలం రవ్వ, మన సామర్లకోట పెద్దాపురం వైపు సగ్గుబియ్యం ఫ్యాక్టరీలకి లారీల్లో పోతుందే ఆ దుంపే. దాన్ని చెక్కు తీసి తురిమి సంచుల్లో కట్టి పైన బరువు పెట్టి రెండు మూడు రోజులు వదిలేస్తారు, నీరంతా కారిపోతూ తురుము పులుస్తుంది, దుంపలో ఉండే విషం లాంటిది కూడా ఈ పులవడంలోనే చాలావరకు పోతుంది, తర్వాత జల్లించి పెద్ద పెనాల మీద వేయిస్తారు. వేయించేటప్పుడు పామాయిల్ వేస్తే పసుపు గర్రి, వెయ్యకపోతే తెల్ల గర్రి. లాగోస్ వైపు ఇజెబు గర్రి అని దొరుకుద్ది, అది సన్నగా బాగా పుల్లగా ఉంటది, పులుపు లేకపోతే బతకలేని మనలాంటి వాళ్ళకి అదే కరెక్ట్. చెయ్యడం ఐదు నిమిషాల పని, బాగా మరిగిన నీళ్ళలో గర్రి చల్లి మూత పెట్టి, ఉబ్బాక చెక్క గరిటెతో గట్టిగా తిప్పాలి, అంతే. గోరువెచ్చని నీళ్ళు పోస్తే మాత్రం ఇసకలా పలుకు పలుకుగా ఉంటది.

ఎబా కాకుండా ఫుఫు ఉంటది, అది కూడా పులిసిన కర్రపెండలమే గానీ వాసన గట్టిగా వస్తది, మొదటి నెల దాని జోలికి పోకండి. తెల్ల పెండలం ఉడకబెట్టి రోట్లో దంచిన పౌండెడ్ యామ్ మెత్తగా తియ్యగా ఉంటది, ఫంక్షన్లలో గౌరవంగా పెట్టేది అదే, కానీ నా వరకు సీఫుడ్ సూప్‌కి అది కొంచెం తీపెక్కువ. సెమో అంటే గోధుమ రవ్వ ముద్ద, అది తినడానికి నైజీరియా దాకా వెళ్ళక్కర్లేదు.

ఇక బీఫ్ సంగతి, దీన్ని జాగ్రత్తగా చదవండి. నైజీరియాలో ఆకుకూర సూప్ అయినా, గుమ్మడి జాతి గింజలతో చేసే ఎగుసి అయినా, చేపతో పాటు బీఫ్, దాని పొట్ట పేగులు, పోమో అని ఆవు చర్మం, అన్నీ ఒకే గిన్నెలో వేస్తారు, అక్కడ అది సమృద్ధికి గుర్తు, ఎన్ని రకాలు పడితే అంత మర్యాద చేసినట్టు. మెనూలో సీఫుడ్ ఓక్రో అని రాసున్నా చాలా చోట్ల ముందు మీట్ ఉడికించిన నీళ్ళే పోసి మొదలెడతారు, పైకి ముక్క కనపడదు. కాబట్టి "బీఫ్ తీసెయ్" అంటే ముక్క తీసి అదే సూప్ పోసి తెస్తారు. ముందే అడగాలి, నీళ్ళు కూడా మీట్‌వి వద్దని చెప్పాలి. పిడ్జిన్‌లో, అంటే అక్కడి కలగలుపు ఇంగ్లిష్‌లో, ఇలా అనండి: "మాడమ్ అబెగ్, నో పుట్ మీట్, నో పుట్ పోమో, నో పుట్ మీట్ వాటర్, నా ఓన్లీ ఫిష్ ఐ వాన్ చాప్." నవ్వుతారు, కానీ చేస్తారు. నమ్మకంగా కావాలంటే ఫిషర్‌మన్ సూప్ అని అడగండి, అది మొదట్నుంచీ చేపలూ గుల్లలతోనే కట్టేది, అందులో మాంసం వెయ్యడం వాళ్ళకే నచ్చదు. మీ కొలీగ్‌కి కూడా ముందే చెప్పేయండి, పళ్ళెం ముందు పెట్టాక చెప్తే ఆయన చిన్నబుచ్చుకుంటాడు, ముందు చెప్తే ఏమీ అనుకోడు, అక్కడ కూడా ఇది తినం అది తినం అనే కుటుంబాలు బోలెడు ఉన్నాయి.

ఏది ముందు తినాలంటే నా ఓటు ఫిషర్‌మన్ సూప్‌కే. ఇజా వాళ్ళు, కలబారి, ఒక్రికా, బోనీ ఇలా నైజర్ డెల్టా వాగుల మీద బతికే జనాల వంట ఇది. ఆకు తక్కువ, గుజ్జు తక్కువ, తాజా చేపే రాజు. మన పులుసుకి దగ్గరగా ఉండేది ఇదొక్కటే. దాని తర్వాత నేటివ్ సూప్ అని రివర్స్ వాళ్ళు గర్వంగా చెప్పుకునేది తినండి, చిక్కగా ఉంటది, ఎండు చేప, పచ్చి చేప, గుల్లలు, పెద్ద నత్తలు, రొయ్యలు ఒకదాని మీద ఒకటి పడతాయి, చేమదుంప జాతి దుంపని ఉడికించి మెత్తగా నూరి దాంతో చిక్కబరుస్తారు. సీఫుడ్ ఓక్రోని మూడోదిగా పెట్టుకోండి. బెండకాయ మనకి కొత్త కాదు గానీ మనం జిగురు పోయేదాకా వేయిస్తాం, వాళ్ళు జిగురు రావాలనే సన్నగా తరుగుతారు, ముద్ద ఎత్తితే తీగలు సాగాలి, సాగకపోతే వంట చెడిపోయినట్టు లెక్క. ఆ తీగలు సాగడం మొదట్లో చాలామందికి ఎబ్బెట్టుగా ఉంటది, అలవాటయ్యాక మాత్రం ముద్ద గొంతులోకి దానంతటదే జారిపోతుంది.

కలబార్ అనే ఊరి వైపు వెళ్తే ఎడికాంగ్ ఇకోంగ్, అఫాంగ్ అని ఆకుకూర సూప్‌లు ఉంటాయి, వాటిలోనూ గుల్లలు పడతాయి గానీ అవి అసలు మీట్ సూప్‌లే. డెల్టా స్టేట్‌లో బంగా, అది పామ్ పళ్ళు ఉడికించి దంచి తీసిన రసంతో చేస్తారు, తాజా చేప వేసిన బంగా అద్భుతం, దాంతో స్టార్చ్ అని సాగే పసుపు ముద్ద తింటారు. మీ అన్నం ప్రశ్నకి ఒక చిన్న మినహాయింపు ఇక్కడుంది, ఇదే పామ్ పళ్ళ రసంతో తూర్పు నైజీరియాలోని ఇగ్బో వాళ్ళు చేసే ఓఫే అక్వు మాత్రం వాళ్ళే తెల్లన్నంతో తింటారు. అన్నం లేకుండా ఉండలేని రోజు అది చెప్పుకోండి.

రుచి దేంట్లోంచి వస్తదో చెప్తా, అది తెలియకపోతే "మసాలా లేదేంటి" అని వెతుకుతూ కూర్చుంటాం. ధనియాలు, జీలకర్ర, అల్లంవెల్లుల్లి ముద్ద, ఇవేవీ ఉండవు. మొదటిది క్రేఫిష్. పేరు చూసి పెద్ద జీవి అనుకోకండి, చిన్న రొయ్యలే, పొగబెట్టి ఎండబెడతారు, మన రొయ్యపొట్టుకి దగ్గరి చుట్టం కానీ పొగ వాసన అదనం. అక్వా ఇబోమ్ స్టేట్‌లో ఓరాన్ అనే ఊరు దీనికి ప్రసిద్ధి. దాన్ని పొడి చేసి గుప్పెళ్ళతో వేస్తారు. రెండోది శుద్ధి చెయ్యని ఎర్ర పామాయిల్. ఏలూరు దగ్గర పెదవేగి వైపు ఆయిల్‌పామ్ తోటలు చూసుంటారు, ఆ చెట్టు పుట్టిల్లు పశ్చిమాఫ్రికానే, కాకపోతే మన దగ్గర ఆ నూనెకి రంగూ వాసనా అన్నీ తీసేసి ప్యాకెట్లో పోస్తారు, వాళ్ళు ఉన్నదున్నట్టు వాడతారు, దానికో మట్టివాసన, కొంచెం క్యారెట్ లాంటి తీపి ఉంటది. మూడోది ఉజిజా ఆకు, గింజ. మిరియం, తమలపాకు కుటుంబమే, ఆకు చూస్తే తమలపాకే అనుకుంటారు, నమిలితే మిరియం ఘాటు. కొన్ని ఇళ్ళల్లో దాని బదులు సెంట్ లీఫ్ వేస్తారు, అది తులసి జాతి. నాలుగోది మిరపకాయ, బుట్టలా ముడతలు పడి చూడ్డానికి ముద్దుగా ఉండే స్కాచ్ బోనెట్, గుంటూరు కారం తిన్నాం మాకేంటి అనుకుని రెండు ఎక్కువ వేయించుకున్నవాళ్ళని మర్నాడు సైట్‌లో చూశాను నేను.

స్టాక్‌ఫిష్ అని చెక్కలా ఉండే ఎండు చేప కూడా తగులుద్ది. అది నైజీరియాది కాదు, నార్వేలో చలిగాలికి ఆరబెట్టిన కాడ్ చేప. 1967 నుంచి 1970 దాకా తూర్పు నైజీరియా విడిపోతానని బయాఫ్రా యుద్ధం జరిగినప్పుడు ఆకలితో ఉన్న జనానికి సహాయంగా వచ్చిన తిండిలో ఇది బాగా ఉండేది, అంతకుముందు కూడా వ్యాపారంలో వచ్చేది గానీ ఆ తర్వాత తూర్పు నైజీరియా వంటలో విడదీయలేనంతగా కలిసిపోయింది. వాసన చూసి భయపడకండి, బాగా నానబెట్టి ఉడికిస్తే పీచు పీచుగా విడిపోయి సూప్‌కి లోతు ఇస్తది.

క్యాట్‌ఫిష్ గురించి ఒక మాట, ఎందుకంటే మీరు కచ్చితంగా మొహం చిట్లిస్తారు. మన దగ్గర ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పెంచడం నిషేధం, చికెన్ వ్యర్థాలు వేసి దొంగచాటుగా పెంచుతున్నారని, అధికారులు చెరువులు ధ్వంసం చేశారని పేపర్లో చదివి చదివి మనకి ఆ పేరంటేనే అసహ్యం. అక్కడ అది సొంత నేల చేప, ట్యాంకుల్లో పద్ధతిగా పెంచుతారు, బతికున్నది చూపించి ఇది కావాలంటే అప్పటికప్పుడు కోసి వండుతారు. దాని మీదున్న జిగట పోవడానికి వేడినీళ్ళు పోసో ఉప్పు రుద్దో కడుగుతారు. అయినా మనసొప్పకపోతే క్రోకర్ గానీ స్నాపర్ గానీ అడగండి, ముళ్ళు తక్కువ, కండ గట్టిది.

పెరివింకిల్ అనే నల్లటి పొడుగు గుల్లలు, కలబారి వాళ్ళు ఇసామ్ అంటారు, ఇవే మీరు వీడియోలో చూసినవి. కొస కోసి ఉంటది, అది లోపలికి గాలి ఆడడానికి. వెడల్పు మూతి దగ్గర పెదాలు పెట్టి ఒక్క లాగు లాగితే సూప్‌తో సహా మాంసం నోట్లోకి వస్తది, చప్పుడు వస్తే రానివ్వండి, అక్కడ ఎవరూ తప్పు పట్టరు. రాకపోతే టూత్‌పిక్. పెంకు తీసేసినవి కూడా అమ్ముతారు, కానీ పెంకుతో ఉడికిన సూప్‌కి వచ్చే రుచి వేరు. ఇక్కడే ఒక జాగ్రత్త. ఇవి మడ అడవుల బురదలో పెరుగుతాయి, ఆ డెల్టాలో చమురు లీకులు ఎంత ఘోరంగా ఉన్నాయో అక్కడి ఒగోనీలాండ్ అనే ప్రాంతం మీద ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ 2011లో ఇచ్చిన రిపోర్టు చూస్తే తెలుస్తుంది, పూర్తిగా శుభ్రం చెయ్యడానికి 25 నుంచి 30 ఏళ్ళు పట్టొచ్చని రాశారు. మనం ఆ చమురు జీతం మీదే అక్కడ బతుకుతాం, అదో వైపు. కాబట్టి గుల్లలు ఎక్కడివో అడిగి కొనండి, చాలాసార్లు కడగండి, ఉడికేటప్పుడు కిరసనాయిలు వాసన తగిలితే మొహమాటం లేకుండా పారబోయండి.

తినే పద్ధతి మనకి నేర్పక్కర్లేదు, కుడి చెయ్యే. కడుక్కోడానికి గిన్నెలో నీళ్ళు తెస్తారు. చిన్న ముద్ద తుంచి, వేళ్ళతో ఉండ చేసి, బొటనవేలితో గుంట నొక్కి, ఆ గుంటలో సూప్ ఎత్తుకోవాలి. పాతవాళ్ళు ముద్ద నమలరు, మింగుతారు, మీరు నమిలినా ఎవరూ ఏమనరు. మనం ముద్దకో ముక్క తింటాం కదా, అక్కడ చాలామంది చేప చివరికి దాచుకుని తింటారు, మీరు ముందే ముక్కలన్నీ ఏరుకుంటే కొంచెం ఆబగా కనిపిస్తుంది, పిల్లల్ని తిట్టేది కూడా దానికే.

ఇంట్లో వండుకోవడం చెప్తా. సామానుకి ఓల్డ్ టౌన్‌షిప్‌లో క్రీక్ రోడ్ మార్కెట్‌కి పొద్దున్నే వెళ్ళండి, పడవల్లో దిగిన సరుకు అక్కడ దొరుకుద్ది, ఒంటరిగా కాకుండా డ్రైవర్‌నో కొలీగ్ వాళ్ళావిడనో తీసుకెళ్తే బేరం మీకు తగినట్టు అవుద్ది. నలుగురికైతే కిలో చేప, అరకిలో రొయ్యలు, రెండు మూడు పీతలు, రెండు గుప్పెళ్ళ గుల్లలు. వెడల్పు గిన్నెలో లీటరు నీళ్ళు, నూరిన మిరపకాయ (మీకైతే ఒకటి, మహా అయితే రెండు), నాలుగు స్పూన్ల క్రేఫిష్ పొడి, దంచిన ఉజిజా గింజలు చిటికెడు, ఉప్పు, టీ గ్లాసుడు పామాయిల్ వేసి పది పన్నెండు నిమిషాలు మరగనివ్వాలి. నూనె విడిగా కాచకండి, పొగొచ్చేదాకా కాస్తే ఆ రంగూ వాసనా రెండూ పోతాయి. నూనె నీళ్ళలో కలిసి ఒకే రంగు అయ్యాక చిక్కదనానికి నూరిన చేమదుంప చిన్న ముద్ద వెయ్యండి, లేదా ఒక స్పూను గర్రి చల్లండి, అది కరిగిపోవాలి. ముందు పీతలు, గుల్లలు, ఐదు నిమిషాలాగి చేప, రొయ్యలు చిట్టచివర్న. చేప పడ్డాక గరిటె పెట్టొద్దు, మన పులుసుకి చేసినట్టే గిన్నె రెండు చేతులా పట్టుకుని తిప్పడమే, అక్కడి ఆడవాళ్ళూ అదే చేస్తారు, ఆ తిప్పడం చూసి మా అమ్మే గుర్తొచ్చేది. దించేముందు ఉజిజా ఆకు సన్నగా తరిగి చల్లి రెండు నిమిషాలు మూత. పసుపు వెయ్యాలని చెయ్యి లాగుతుంది, వెయ్యకండి. మ్యాగీ క్యూబ్ (రుచికి వేసే స్టాక్ క్యూబ్) వాళ్ళంతా వేస్తారు, నేను సగం వేస్తా, చేప మంచిదైతే అదీ అక్కర్లేదు.

సెలవులకి వచ్చినప్పుడు హైదరాబాద్‌లో చేద్దామంటే ఎర్ర పామాయిలూ గర్రీ మామూలు షాపుల్లో ఉండవు, ఆఫ్రికన్ స్టూడెంట్స్ ఎక్కువగా ఉండే టోలిచౌకి వైపు వాకబు చెయ్యండి. రొయ్యపొట్టు వేయించి పొడి చేస్తే క్రేఫిష్ పని చాలావరకు చేస్తది, ఉజిజాకి మిరియాలు సర్దుకుంటాయి, కానీ ఎర్ర పామాయిల్ లేకుండా మొదలెట్టొద్దు, రిఫైన్డ్ ఆయిల్‌తో చేస్తే అది ఏ దేశపు వంటా కాదు.

మీ ఆవిడ గురించి. ఇది అన్నిటికంటే సీరియస్. రొయ్యలు పడనివాళ్ళకి నైజీరియాలో సీఫుడ్ సూప్ ఒక్కటే కాదు, దాదాపు ప్రతి సూపూ ప్రమాదమే, ఎందుకంటే క్రేఫిష్ పొడి ఎగుసిలో, ఆకుకూరలో, బీన్స్‌లో, అన్నిట్లో పడుతుంది, వండేవాళ్ళ దృష్టిలో అది ఉప్పు లాంటిది, "రొయ్యలు వెయ్యలేదు కదా" అని అడిగితే నిజాయితీగానే "లేదు" అంటారు. కాబట్టి క్రేఫిష్ అని పేరు పెట్టి అడగాలి. స్టాక్ క్యూబ్‌ల్లో కూడా క్రేఫిష్ ఫ్లేవర్‌వి ఉన్నాయి, ప్యాకెట్ చదవండి. ఇంట్లో తనకి వేరే గిన్నె, వేరే గరిటె, మిక్సీ జార్ కూడా వేరే, క్రేఫిష్ మరపట్టించిన మార్కెట్ మిల్లులో తన కోసం ఏదీ పట్టించకండి. రొయ్యలూ పీతలూ మరుగుతున్నప్పుడు వచ్చే ఆవిరి కూడా కొందరికి పడదు, మీరు మీ గిన్నె వండుకునే టైమ్‌లో తను కిచెన్‌లో లేకుండా చూసుకోండి. తనకి క్యాట్‌ఫిష్‌తోనో క్రోకర్‌తోనో ఇదే ఫిషర్‌మన్ సూప్ చెయ్యొచ్చు, క్రేఫిష్ బదులు ఇరు అని పులియబెట్టిన గింజలు దొరుకుతాయి, వాసన గట్టిదే గానీ ఆ లోతు కొంత ఇస్తది. రొయ్యలు పడనివాళ్ళలో కొందరికి గుల్లలు కూడా పడవు, అవీ ఆపెయ్యండి. బయల్దేరేముందు డాక్టర్ దగ్గర ఎలర్జీ మందులు రాయించుకుని చేతి సంచిలోనే పెట్టుకోండి, చెక్-ఇన్ లగేజీలో వద్దు, ఇంట్లో పనికి పెట్టుకునే మనిషికి కూడా మొదటి రోజే ఈ సంగతి చెప్పండి. ఇంకేమైనా డౌట్ ఉంటే ఇక్కడే అడగండి, ముఖ్యంగా మార్కెట్ గురించి.